విడాకుల తర్వాత భరణం: కోర్టు ఎలా నిర్ణయిస్తుంది, ఎప్పుడు మారుస్తుంది

విడాకుల డిక్రీ (కోర్టు తుది ఉత్తర్వు) వచ్చిందంటే భరణం సంగతి కూడా ముగిసినట్లేనని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. హిందూ వివాహ చట్టం, 1955లోని 25వ సెక్షన్ ప్రకారం శాశ్వత భరణాన్ని డిక్రీ సమయంలోనే కాక ఆ తర్వాత కూడా అడగవచ్చు. భార్యకే కాదు, భర్తకూ ఆ హక్కు ఉంది. కేసు నడుస్తున్నంత కాలం అందే మధ్యంతర భరణానికి 24వ సెక్షన్ వర్తిస్తుంది. మతంతో నిమిత్తం లేకుండా, తనను తాను పోషించుకోలేని స్త్రీ, విడాకులు పొంది మళ్లీ పెళ్లి చేసుకోకపోతే, నేర విచారణ విధానాన్ని చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 144వ సెక్షన్ కింద దరఖాస్తు చేసుకోవచ్చు. 2024 జూలై 1కి ముందు ఇదే పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ) 125వ సెక్షన్. విడాకులు పొందిన ముస్లిం మహిళకూ ఈ 125 కింద హక్కు ఉందని సుప్రీంకోర్టు అదే నెలలో తేల్చిన వ్యాజ్యం తెలంగాణ నుంచి వెళ్లినదే.

ఎంత ఇవ్వాలన్నదానికి చట్టంలో లెక్క కట్టిన సూత్రం లేదు. భర్త నికర జీతంలో నాలుగో వంతు సమంజసమని సుప్రీంకోర్టు 2017లో ఒక కేసులో అన్న మాట నిజమే గానీ, దాన్ని పట్టుకుని వెళ్లి నిరాశపడేవారే ఎక్కువ. ఇద్దరి ఆదాయం, ఆస్తులు, వయసు, ఆరోగ్యం, పెళ్లి ఎన్నేళ్లు నిలిచింది, కాపురంలో ఉన్నప్పటి జీవన స్థాయి, పిల్లల బాధ్యత ఎవరిది, భార్య ఇంటికోసం ఉద్యోగం మానుకుందా అన్నవన్నీ న్యాయమూర్తి తూకం వేస్తారు. భార్య చదువుకున్నదన్న ఒక్క కారణంతో భరణం నిరాకరించరు. చదువు వేరు, చేతిలో సంపాదన వేరు.

అసలు కేసు నిలబడేది ఆస్తులు, అప్పుల అఫిడవిట్ మీద. 2020 నవంబరులో రజ్నేష్ వర్సెస్ నేహా కేసు తీర్పులో సుప్రీంకోర్టు దీన్ని ఇరుపక్షాలకూ తప్పనిసరి చేసింది. భరణాన్ని దరఖాస్తు తేదీ నుంచే లెక్కించాలని, అంతకుముందు వేరే చట్టం కింద వచ్చిన ఉత్తర్వు ఉంటే దాచకూడదని కూడా చెప్పింది. అఫిడవిట్‌తో జీతం స్లిప్పులు, ఆదాయపు పన్ను రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి అద్దె, పిల్లల ఫీజు రసీదులు జతచేయండి. ఎదుటివారి జీతం స్లిప్పులో చివరి అంకె మాత్రమే చూడకండి: పన్ను, తప్పనిసరి పీఎఫ్ కోతలను కోర్టు మినహాయిస్తుంది గానీ, కేసు మొదలయ్యాక తీసుకున్న అప్పుల వాయిదాలను, స్వచ్ఛందంగా పెంచుకున్న పొదుపును సాధారణంగా అంగీకరించదు. ఆ తేడా చూపించే ఒక పట్టిక న్యాయవాది వాదన కంటే గట్టిగా పనిచేస్తుందని నా నమ్మకం.

పరిస్థితులు మారితే, హిందూ వివాహ చట్టం 25(2) కింద ఏ పక్షమైనా ఉత్తర్వును పెంచమని, తగ్గించమని, రద్దు చేయమని అదే కోర్టును కోరవచ్చు. 144 కింద వచ్చిన ఉత్తర్వుకు 146వ సెక్షన్ ఉంది. పైన చెప్పిన 2017 కేసులోనే హైకోర్టు 16,000 నుంచి 23,000 రూపాయలకు పెంచిన నెలసరి మొత్తాన్ని, భర్త మళ్లీ పెళ్లి చేసుకుని బిడ్డకు తండ్రి అయ్యాడన్న కారణంతో సుప్రీంకోర్టు 20,000కు తగ్గించింది. 2025లో మరో కేసులో అదే కోర్టు నెలకు 50,000 రూపాయలు ఇవ్వాలని, రెండేళ్లకోసారి 5 శాతం పెంచాలని ఆదేశించింది. కనుక రాజీ పత్రంలోనే ఏటేటా ఎంత పెరగాలో రాయించుకోవడం మేలు. ఒకేసారి పెద్ద మొత్తం పుచ్చుకుంటే, తర్వాత ఎక్కువ అడగడం చాలా కష్టమవుతుంది.

ఉద్యోగం పోయినవారు దయచేసి చెల్లింపు ఆపేసి ఊరుకోకండి. ఉత్తర్వు మారేవరకు నెలనెలా బకాయి పేరుకుంటూనే ఉంటుంది, 144 కింద చెల్లించని ప్రతి నెలకూ నెల వరకు జైలు పడే అవకాశముంది. తొలగింపు లేఖతో వెంటనే పిటిషన్ వేయండి. రావలసినవారు కూడా ఆలస్యం చేయకూడదు: ఆ సెక్షన్ కింద బకాయి వసూలుకు, అది చెల్లించాల్సిన తేదీ నుంచి ఏడాదిలోపే దరఖాస్తు చేయాలి. న్యాయవాదికి డబ్బు లేదని ఆగిపోయే మహిళలు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లవచ్చు. అక్కడ ఆదాయ పరిమితి లేకుండానే మహిళలకు ఉచితంగా న్యాయవాదిని కేటాయిస్తారు.