అంటువ్యాధుల నివారణ, సన్నద్ధత పరిశోధనకు ఐసీఎంఆర్ గ్రాంటు: దరఖాస్తు విధానం

అంటువ్యాధుల నివారణకు, అవి ప్రబలినప్పుడు ఎదుర్కొనే సన్నద్ధతకు సంబంధించిన పరిశోధనల కోసం వైద్య కళాశాలలు, విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు కేంద్ర ప్రభుత్వ నిధులు కోరడానికి ఉన్న ముఖ్యమైన మార్గాలలో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఎక్స్‌ట్రామ్యూరల్ గ్రాంటు ఒకటి. మండలి తన సొంత సంస్థలకు కేటాయించే నిధులకు ఇది వేరు. ఇందులో 2 కోట్ల రూపాయల వరకు చిన్న గ్రాంటు, 2 కోట్ల నుంచి 8 కోట్ల వరకు మధ్యస్థ గ్రాంటు అనే రెండు తరగతులు ఎక్కువ మందికి ఉపయోగపడతాయి. దరఖాస్తులను ఏడాది పొడుగునా తీసుకోరు. మండలి ప్రతిపాదనలను ఆహ్వానిస్తూ ప్రకటన ఇచ్చినప్పుడే పోర్టల్ తెరుచుకుంటుంది కాబట్టి, గడువు, కాలపరిమితి, నమూనా పత్రాల విషయంలో ఆ ప్రకటనలో ఉన్నదే ప్రమాణం. గత ఏడాది సహోద్యోగి దగ్గర మిగిలిన నమూనాలో వివరాలు నింపి పంపడం మంచిది కాదు.

ఈ గ్రాంటు వ్యక్తికి కాదు, సంస్థకు మంజూరవుతుంది. ప్రధాన పరిశోధకుడి పేరు మీద దరఖాస్తు వెళ్లినా, డబ్బు సంస్థ ఖాతాలో పడుతుంది, లెక్క చెప్పవలసింది కూడా సంస్థే. అందుకే ప్రధాన పరిశోధకుడు ఆ సంస్థలో రెగ్యులర్ ఉద్యోగి అయి ఉండాలని అడుగుతారు. ప్రాజెక్టు నడుస్తుండగా ఆయన పదవీ విరమణ చేసే అవకాశం ఉంటే, బాధ్యత స్వీకరించగల సహ పరిశోధకుడిని మొదటి నుంచే బృందంలో చేర్చుకోవాలి. స్వచ్ఛంద సంస్థలు, ప్రైవేటు పరిశోధన సంస్థలు దరఖాస్తు చేయాలంటే శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధన విభాగం (డీఎస్ఐఆర్) గుర్తింపు పత్రం అమలులో ఉండాలి. స్వచ్ఛంద సంస్థలు నీతి ఆయోగ్ దర్పణ్ పోర్టల్‌లో నమోదై ఉండటం కూడా అవసరం. డీఎస్ఐఆర్ గుర్తింపునకు గడువు ఉంటుంది. అది ముగిసిన సంగతి దరఖాస్తు సమర్పించే వారంలో బయటపడితే చేయగలిగేది ఏమీ ఉండదు.

సమస్య ఎంపిక

నేపథ్యం రాసేటప్పుడు చాలామంది కోవిడ్ నేర్పిన పాఠాలతో మొదలుపెడతారు. సమీక్షకులు ఆ పేరాను ఇప్పటికే లెక్కలేనన్ని సార్లు చదివి ఉంటారు. దానికి బదులు మీ జిల్లాలో ఆ వ్యాధి ఎంత ఉందో, దాన్ని గుర్తించడంలో ఎక్కడ ఆలస్యం జరుగుతోందో చూపే గణాంకాలు ప్రతిపాదనను నిలబెడతాయి. 2004లో మొదలైన సమగ్ర వ్యాధి నిఘా కార్యక్రమం (ఐడీఎస్‌పీ) 2021 ఏప్రిల్ నుంచి ఐహెచ్ఐపీ (సమగ్ర ఆరోగ్య సమాచార వేదిక) అనే డిజిటల్ వేదిక మీద నడుస్తోంది. క్షేత్ర కార్యకర్త లక్షణాలను బట్టి నింపే ఎస్ ఫారం, వైద్యుడు అనుమానిత కేసులకు నింపే పి ఫారం, ప్రయోగశాల నిర్ధారించాక నింపే ఎల్ ఫారం అందులో నమోదవుతాయి. పి ఫారంలో జ్వరం కేసులు పెరిగినా ఎల్ ఫారంలో ఆ మేరకు నిర్ధారణలు కనిపించకపోతే, పరిశోధన ప్రశ్న అక్కడే దొరికినట్టు. ఈ వివరాలు వాడుకోవడానికి జిల్లా నిఘా అధికారికి లిఖితపూర్వకంగా విజ్ఞప్తి చేసి, అనుమతి లేఖను ప్రతిపాదనకు జతపరచాలి.

ఉదాహరణకు, పాడేరు ఏజెన్సీలో స్క్రబ్ టైఫస్‌ను (నల్లి లాంటి చిన్న పురుగు కాటుతో వచ్చే జ్వరం) త్వరగా గుర్తించే విధానంపై ప్రతిపాదన రాస్తున్నారనుకుందాం. "నమూనాలను శీతల రవాణా ద్వారా ప్రయోగశాలకు చేర్చెదము" అని ఒక్క వాక్యంలో ముగిస్తే సమీక్షకుడు అక్కడే ఆగిపోతాడు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తం ఎవరు తీస్తారు, సీరం వేరు చేయడానికి సెంట్రిఫ్యూజ్ అక్కడ ఉందా, కరెంటు పోతే ఏం చేస్తారు, 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచవలసిన పెట్టెను విశాఖపట్నం వరకు ఎవరు తీసుకువస్తారు, ఘాట్ రోడ్డులో ఆ ప్రయాణానికి పట్టే సమయం ఎంత, ఆదివారం తీసిన నమూనా ఎక్కడ ఉంటుంది, ఫలితం మళ్లీ ఆ వైద్యాధికారికి ఎన్ని గంటల్లో, ఏ మార్గంలో చేరుతుంది అన్నవి రాయాలి. సన్నద్ధత అనే మాటకు ప్రతిపాదనలో రుజువు ఈ వివరాలే. పైగా ఇవి స్పష్టమైతే బడ్జెట్ సగం తయారైనట్టే.

అనుమతులు

మనుషుల మీద చేసే ఏ అధ్యయనానికైనా ఎథిక్స్ కమిటీ ఆమోదం తప్పనిసరి. 2019 నాటి కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నియమాల ప్రకారం ఆ కమిటీ ఆరోగ్య పరిశోధన విభాగం వద్ద నమోదై ఉండాలి. ఆమోద పత్రాన్ని దరఖాస్తుతోనే ఇవ్వాలా, ఎంపికైన తర్వాత ఇవ్వవచ్చా అన్నది ప్రకటనలో చూసుకోవాలి గానీ, ఎలాగూ నిధులు విడుదలయ్యేలోపు అది కావలసిందే. మీ కళాశాలలో కమిటీ తరచుగా సమావేశం కాకపోతే, ఆ తేదీ ముందుగా తెలుసుకున్నాకే మిగతా పనులకు ప్రణాళిక వేసుకోండి. జన్యుమార్పిడి చేసిన సూక్ష్మజీవులతో పని ఉంటే సంస్థాగత జీవభద్రత కమిటీ ఆమోదం, ప్రయోగ జంతువులు ఉంటే జంతు నైతిక కమిటీ ఆమోదం వేరుగా కావాలి. విదేశీ సంస్థతో సహకారం ఉంటే ప్రతిపాదన ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ ముందుకు వెళ్లాలి. దీనికి సమయం పడుతుంది కాబట్టి, పేరు కోసమే విదేశీ భాగస్వామిని చేర్చుకోవడం వివేకం కాదు. ఔషధం, టీకా వంటి చికిత్సను లేదా నివారణ చర్యను పరీక్షించే అధ్యయనమైతే, మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి.

సమర్పణ, బడ్జెట్

దరఖాస్తు ఐసీఎంఆర్ వారి ఈపీఎంఎస్ (ఎలక్ట్రానిక్ ప్రాజెక్టు నిర్వహణ వ్యవస్థ) పోర్టల్‌లో ఆన్‌లైన్‌లో మాత్రమే సమర్పించాలి. ప్రధాన పరిశోధకుడు తన పేరుతో ఖాతా తెరిచి, సంస్థ వివరాలు, సహ పరిశోధకుల వివరాలు, సారాంశం, లక్ష్యాలు, పద్ధతి, కాలపట్టిక, బడ్జెట్ నింపి, సంస్థాధిపతి సంతకం, ముద్ర ఉన్న అంగీకార పత్రాన్ని అప్‌లోడ్ చేయాలి. ప్రభుత్వ కళాశాలల్లో ఈ సంతకం కోసం ఫైలు కదలడానికే రోజులు పడుతుంది కాబట్టి, ప్రతిపాదన తుదిరూపం వచ్చేదాకా ఆగకుండా ముందే నోట్ పెట్టడం మంచిది.

బడ్జెట్‌లో సిబ్బంది జీతాలను ఐసీఎంఆర్ నిర్ణయించిన ప్రాజెక్టు పోస్టుల పేర్లతో, ఆ రేట్ల ప్రకారమే చూపాలి. పరికరాలకు జీఎస్టీతో కలిపిన కొటేషన్ కావాలి. మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ కోరితే, అలాంటిది సంస్థలో ఇప్పటికే ఎందుకు లేదో, ఉంటే ఎందుకు చాలదో, వారంటీ ముగిశాక నిర్వహణ ఖర్చు ఎవరు భరిస్తారో కూడా రాయాలి. మొత్తంలో పెద్ద భాగం పరికరాలకే పోతే, ఇది పరిశోధన ప్రతిపాదన కాదు, కొనుగోలు జాబితా అని సమీక్షకులు అనుకోవడం సహజం.

మంజూరైన తర్వాత నిధులు విడతలుగా వస్తాయి. ఏటా పురోగతి నివేదికతో పాటు ఖర్చుల వివరణ పత్రాన్ని, 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్స్‌లోని 12-ఎ నమూనాలో వినియోగ ధ్రువపత్రాన్ని పంపాలి. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోపు ఇవ్వవచ్చని నిబంధన చెబుతున్నా, తరువాతి విడత దాని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి గడువు చివరిదాకా ఆగితే ప్రాజెక్టు సిబ్బందికి జీతాలు ఆగిపోతాయి. గ్రాంటు సొమ్ముపై వచ్చిన వడ్డీ సంస్థది కాదు, ప్రభుత్వానికి తిరిగి జమ చేయవలసినదే. గ్రాంటుతో కొన్న పరికరాలను ముందస్తు అనుమతి లేకుండా అమ్మడానికీ ఇతరులకు ఇవ్వడానికీ వీలులేదు. ఖాతాలు ప్రభుత్వ లెక్కలను తనిఖీ చేసే కాగ్ తనిఖీకి లోబడి ఉంటాయి కనుక బిల్లులు, స్టాక్ రిజిస్టరు, జెమ్ (ప్రభుత్వ ఆన్‌లైన్ కొనుగోలు పోర్టల్) కొనుగోలు పత్రాలను ప్రాజెక్టు ముగిసిన తర్వాత కూడా విభాగంలో కాకుండా సంస్థ అకౌంట్స్ సెక్షన్‌లో భద్రపరచాలి.