ఫైరింజన్ ఏ గట్టున రావాలో ముందు తేల్చుకోండి

నేను హైస్కూల్లో పీఈటీనండి, స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ల బాధ్యత కూడా నా నెత్తినే ఉంది. రెండేళ్ళ కిందట మే నెలలో మా పక్క పేటలో మూడు తాటాకిళ్ళు కాలిపోయేయి. 101కి ఫోన్ చేసింది నేనే. ఊరు పేరు చెప్పేను, కాలవ గట్టు మీదండీ అన్నాను, తొందరగా రండి అని పెట్టేసేను. ఇంజన్ తొందరగానే వచ్చింది, కానీ అవతలి గట్టు మీదకి వచ్చింది. మధ్యలో కాలవ. ముప్పై గజాల దూరంలో మంటలు కనపడుతున్నాయి, వాళ్ళు అటు, మేం ఇటు. గట్టు మీద ఇంజన్ తిప్పుకోడానికి చోటు లేదు, రివర్స్‌లో లాకుల దాకా వెళ్ళి వంతెన దాటి మళ్ళీ ఇవతలి గట్టెక్కి వచ్చేసరికి ఇరవై నిమిషాలు పోయింది. ఈలోపు మొదటిల్లు బూడిద, రెండోది సగం, మూడో ఇంటికి అప్పుడే అంటుకుంది. అంతా అయ్యేక లీడింగ్ ఫైర్‌మేన్ గారు మొహం కడుక్కుంటూ "మాస్టారూ, తూర్పు గట్టా పడమర గట్టా ఒక్క ముక్క చెప్తే సరిపోను కదండీ" అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఆయన దగ్గర కూర్చుని అడిగి తెలుసుకున్నవి, పిల్లలతో చేయించి చూసినవి రాస్తున్నాను, కోనసీమైనా భీమవరం వైపైనా కాలవ పక్కనుండే ఊళ్ళన్నిటికీ పనికొస్తాయి.

ముందు ఫోన్. 101 అయినా 112 అయినా పర్లేదు, 112కి చేస్తే పోలీసులకీ తెలుస్తుంది. ఊరు పేరుతో పాటు మండలం చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ఒకే పేరుతో రెండూళ్ళు మామూలే, రావులపాలెం మండలంలో గోపాలపురం ఉంది, అక్కడ మెట్టలో గోపాలపురం మండలమే ఉంది, హడావిడిలో గోపాలపురం అని పెట్టేస్తే వినేవాడు ఏం చెయ్యాలి. తర్వాత ఏ గట్టు, ఏ వంతెన మీంచి రావాలి, ఆ వంతెన లారీని మోస్తుందా. ఇది చాలామంది ఆలోచించరు. మామూలు ఫైరింజన్లో 4500 లీటర్ల నీళ్ళుంటాయి, అంటే నీళ్ళ బరువే నాలుగున్నర టన్నులు, బండి బరువు వేరే, మన పాత కాలవ వంతెనలు కొన్ని ట్రాక్టరుకే మూలుగుతాయి. కాలేది ఇల్లా, గడ్డిమేటా, కొబ్బరి పీచు గుట్టా, ఆయిల్ డ్రమ్ములా అది కూడా చెప్పండి, నూనె మంటకి నీళ్ళు పనికిరావు, ఫోమ్ కావాలి. లోపల మనుషులున్నారా లేరా చెప్పండి. చెప్పేక ఫోన్ పెట్టెయ్యకండి, వాళ్ళు పెట్టమనేదాకా లైన్లో ఉండి, ఆ తర్వాత కూడా ఆ నంబర్ ఖాళీగా ఉంచాలి, దార్లో తప్పిపోతే వాళ్ళు మీకే చేస్తారు. ఇక్కడ జరిగేదేంటంటే ఫోన్ చేసినవాడే వీడియో తీస్తూ వాట్సాప్ కాల్లో అమెరికాలో ఉన్న బావకి చూపిస్తుంటాడు.

నీళ్ళ సంగతికొద్దాం, ఇది మన డెల్టాలో విచిత్రమైన సమస్య. చుట్టూ కాలవలు, మనకి నీళ్ళకేం తక్కువ అనుకుంటాం. కానీ తాటాకిళ్ళు కాలేది ఏప్రిల్, మే నెలల్లో, సరిగ్గా అప్పుడే పూడికలకీ రిపేర్లకీ కాలవలు కట్టేస్తారు, మళ్ళీ జూన్‌లో గానీ వదలరు. అంటే నిప్పు ఉన్నప్పుడు నీళ్ళుండవు. ఇంజన్లో ఉన్న 4500 లీటర్లు రెండు గొట్టాలు విప్పితే పది నిమిషాలు కూడా రావు, తర్వాత ఎక్కడో ఓ చోట సక్షన్ వేసి తోడుకోవాలి. అందుకని ఉగాది దాటగానే మీ ఊళ్ళో వేసవిలో నీళ్ళు నిలిచే చోట్లు ఓసారి తిరిగి చూసుకోండి, మంచినీళ్ళ చెరువు, గుడి కోనేరు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు. నీళ్ళుంటే సరిపోదు, ఇంజన్ ఆ గట్టు దాకా రాగలగాలి, గట్టు మీంచి నీళ్ళు మరీ లోతులో ఉండకూడదు, ఏడు మీటర్లు దాటితే పంపు లాగడం కష్టం. సక్షన్ గొట్టం చివర జల్లెడ లాంటిది ఉంటుంది, గుర్రపుడెక్కా బురదా పట్టిందంటే అంతే సంగతులు, ఓ వెదురు తట్టలో పెట్టి దింపితే చెత్త ఆగుతుందని ఆయనే చెప్పేరు. ఆక్వా రైతులతో ముందే మాట్లాడి పెట్టుకోండి. వాళ్ళ డీజిల్ ఇంజన్లు, గొట్టాలు చెరువు మీదే ఉంటాయి, ఫైరింజన్ వచ్చేలోపు వాటితో పక్కిళ్ళ కప్పులు తడుపుకోవచ్చు. మా ఊళ్ళో ఒక రైతు మొదట ససేమిరా అన్నాడు, నీళ్ళు లాగితే రొయ్య పోతుందని, సరే మీ ఇంటి పక్కన గడ్డిమేటు ఎవరిదండీ అని అడిగితే నవ్వేసి ఒప్పుకున్నాడు.

ఇంజన్ వచ్చేలోపు మీ చేతుల్లో ఉన్న పనేంటంటే, అంటుకున్న ఇంటిని కాపాడ్డం కాదు, అంటుకోబోయే ఇంటిని కాపాడ్డం. ఇది చెప్పడానికి కటువుగానే ఉంటుంది, ఆ ఇంటివాళ్ళు ఏడుస్తుంటే నువ్వెళ్ళి పక్కిల్లు తడుపుతుంటే ఊరు ఊరంతా నిన్నే చూస్తుంది. కానీ బాగా అంటుకున్న తాటాకు కప్పు బిందెలతో ఆరదు. గాలి ఎటుందో చూసి, ఆ వైపు ఇంటి కప్పు మీద నీళ్ళు కొట్టండి, తడిపిన గోనెసంచులూ దుప్పట్లూ పరవండి. మరీ దగ్గరైతే కొబ్బరికాయలు దింపే దోటీలతో ఆ కప్పు అంచు తాటాకు లాగేసి ఎడం చేసెయ్యండి. ఇంటాయన్ని అడిగి లాగండి, తర్వాత తగువులొస్తాయి. పశువుల పాకలో గేదెలుంటే పలుపు ముడి విప్పుతూ కూర్చోకండి, కత్తితో కోసెయ్యండి, కోసి వదిలేస్తే సరిపోదు, దూరంగా తోలాలి, బెదిరిన గేదె మళ్ళీ తన పాకలోకే పోతుంది.

గడ్డిమేటు, కొబ్బరి పీచు గుట్టల సంగతి వేరు. పైన మంట ఆరిపోయిందని ఇంజన్ని పంపించేస్తారు, తెల్లారేసరికి మళ్ళీ రాజుకుంటుంది. లోపల కణకణ అలాగే ఉంటుంది. గుట్టని విడదీసి, పరిచి, పొర పొరా తడపాలి, జేసీబీ దొరికితే పని సులువు. ఆ రాత్రికి ఎవరో ఒకరు కాపలా ఉండాల్సిందే.

కరెంటు. మంట దగ్గర తీగలుంటే నీళ్ళు కొట్టొద్దు, ముందు లైన్‌మేన్‌కి చెప్పి సప్లై తీయించాలి, నంబర్ లేకపోతే 1912. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర స్విచ్ నేను లాగుతానని ఎవడో ఒక వీరుడు బయల్దేరతాడు, పట్టుకుని ఆపండి.

గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్ దగ్గర చిన్న మంటొస్తే తడి గోనెసంచి కప్పి నాబ్ కట్టెయ్యొచ్చు, ఫైర్ స్టేషన్‌వాళ్ళు డెమోలో చేయించి చూపిస్తారు, భయం పోతుంది. కానీ కాలుతున్న ఇంట్లో సిలిండర్ ఉంటే దాని జోలికెళ్ళొద్దు, అక్కడ సిలిండర్ ఉందని ఫైర్‌వాళ్ళకి చెప్పండి, దూరం జరగండి. మంట లేకుండా వాసనే వస్తుంటే స్విచ్ వెయ్యొద్దు, ఉన్నది ఆపొద్దు, తలుపులు తీసి బయటికొచ్చి గ్యాస్ లీకు నంబర్ 1906కి చెయ్యండి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, నేల మీదే పాకుతుంది. మన కోనసీమలో పొలాల కింద గ్యాస్ పైపులైన్లు కూడా ఉన్నాయి, 1995లో పాశర్లపూడి గ్యాస్ బావి రెండు నెలల పైన మండింది, 2014 జూన్ 27న నగరం అనే ఊళ్ళో తెల్లారకుండానే లీకైన గ్యాస్ అంటుకుని ఇరవై మందికి పైగా పోయేరు. అందుకని పొలంలో బుసబుసమని చప్పుడొచ్చినా, బురదలోంచి బుడగలొచ్చినా, చూద్దామని బైకేసుకుని వెళ్ళకండి, బైకు స్టార్ట్ చేసినా నిప్పురవ్వే. గాలికి ఎదురుగా నడిచి దూరంగా పోయి అప్పుడు ఫోన్ చెయ్యండి, పైపులైను వెంబడి పాతిన బోర్డుల మీద కంపెనీ నంబర్ ఉంటుంది, అది ఈ రోజే ఫోన్లో ఎక్కించుకోండి.

ఇప్పుడు పిల్లల దగ్గరికొస్తాను. ఈ స్టూడెంట్ పోలీస్ క్యాడెట్ అనేది 2010లో కేరళలో మొదలైంది, 2018లో దేశమంతా పెట్టేరు, ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి. మొదట్లో నేనూ పరేడ్, సెల్యూట్, రిపబ్లిక్ డేకి మార్చ్ పాస్ట్ అంతే అనుకున్నాను, పిల్లలకి డ్రెస్ మీద ఉన్న సరదా డ్యూటీ మీద ఉండదని కూడా అనుకున్నాను. ఆ మే నెల తర్వాత అదే ఫైర్‌మేన్ గారు అన్నారు, "మాస్టారూ, మీవాళ్ళు నీళ్ళు పొయ్యక్కర్లేదు, మాకు మలుపులో నిలబడితే చాలు."

అదే డ్రిల్ కింద పెట్టుకున్నాం. మెయిన్ రోడ్డు నుంచి మంట దాకా ఎన్ని మలుపులుంటే అన్ని మలుపుల్లో ఇద్దరేసి పిల్లలు, పగలైతే ఎర్ర తువ్వాలు, రాత్రయితే టార్చ్‌లైటు, రాత్రి పూట మాత్రం పక్కన పెద్దవాళ్ళు ఒకరు ఉండాల్సిందే. వంతెన దగ్గర ఇద్దరు. పుంత రోడ్డులో అడ్డంగా పెట్టిన బైకులూ, ఆరబోసిన ధాన్యం బరకాలూ తీయించడానికి గట్టిగా అరవగలిగే నలుగురు, దీనికి ఆడపిల్లలు బాగా పనికొస్తారు, మా తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకత్తి "మావయ్యా బండి తియ్యి" అని అరిస్తే ప్రెసిడెంటు గారి కారే కదిలింది. ఇంకో ఇద్దరు తలకాయలు లెక్కపెట్టాలి, ఆ ఇంట్లో ఎంతమంది, ఎవరు బయటున్నారు, మంచం మీదున్న ముసలాళ్ళెవరు, అది రాసిన కాయితం ఇంజన్ దిగిన మొదటి మనిషి చేతిలో పెట్టాలి. మంటకి వంద గజాల లోపలికి ఏ క్యాడెటూ రాకూడదు, వచ్చినోణ్ణి మర్నాడు పరేడ్‌లో నిలబెట్టను, అది మాత్రం ఖచ్చితం. పిల్లల్ని 216 హైవే మీద కూడా నిలబెట్టకండి, ట్రాఫిక్ ఆపడం పోలీసుల పని.

మొదటిసారి డ్రిల్ చేసినప్పుడు ఒకడు ఎర్ర తువ్వాలు కట్టుకుని మలుపులో కాకుండా ఐస్ బండి దగ్గర నిలబడ్డాడు. మూడోసారికి కుదిరింది. ఆ మూడోసారి నిజం ఇంజనే పిలిపించేం. అదెలాగంటే, ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు చేస్తారు, 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఓడ పేలి ఫైర్‌మేన్లు చాలామంది చనిపోయేరు, వాళ్ళ జ్ఞాపకంగా. ఆ వారం స్కూళ్ళకొచ్చి డెమోలు ఇస్తారు, అప్పటికింకా ఒంటిపూట బళ్ళు నడుస్తుంటాయి. హెడ్మాస్టర్ గారి చేత స్టేషన్ ఫైర్ ఆఫీసర్ గారికి ఓ లెటర్ మార్చిలోనే రాయించండి, ఆఖరి నిమిషంలో అడిగితే డేట్లు నిండిపోతాయి. వచ్చినప్పుడు మైదానంలో నీళ్ళు చిమ్మించి చప్పట్లు కొట్టి పంపెయ్యకండి, పిల్లల్తో సహా ఇంజన్ని మీ ఊరి ఇరుకు సందుల్లో తిప్పమని అడగండి. మా ఊళ్ళో రామాలయం మలుపు తిరగదని ఆ రోజే తెలిసింది, అరుగు ఒక మూర లోపలికి కొట్టించడానికి ఆర్నెల్లు పట్టింది, ఆ గొడవ వేరే.

పోలీస్ స్టేషన్‌కి కూడా ఓసారి తీసుకెళ్ళండి. పిల్లలకి లాకప్ చూడాలని ఉంటుంది, చూపించండి, కానీ రైటర్ గారి దగ్గర ఎక్కువసేపు కూర్చోపెట్టండి, పిటీషన్ ఎలా రాయాలి, కంప్లైంటు ఇచ్చినవాళ్ళకి ఎఫ్ఐఆర్ కాపీ ఊరికే ఇవ్వాలన్న సంగతి అక్కడే తెలుస్తుంది. ఇది ఇల్లు కాలినవాళ్ళకి పనికొచ్చేది. మంటలారేక జనం వెళ్ళిపోతారు, ఆ కుటుంబం ఒక్కటే మిగుల్తుంది, చేతిలో ఏ కాయితమూ ఉండదు. అప్పుడు వీఆర్వో గారితో పంచనామా రాయించుకోవాలి, ఫైర్ స్టేషన్‌లో రిపోర్టుకి అర్జీ పెట్టుకోవాలి, ఇన్సూరెన్స్ ఉంటే ఆ రిపోర్టు తప్పకుండా అడుగుతారు, పట్టాదారు పాస్‌బుక్కూ సర్టిఫికెట్లూ కాలిపోతే స్టేషన్‌లో కంప్లైంటు ఇచ్చి రసీదు తీసుకోవాలి. బూడిద ఎత్తెయ్యకముందే ఫోటోలు తియ్యండి, వీడియో తీసినవాళ్ళు అప్పుడు పనికొస్తారు.

ఒళ్ళు కాలినవాళ్ళకి పేస్టూ సిరా రాయొద్దు, ఇరవై నిమిషాలు మామూలు చల్లటి నీళ్ళు పోస్తూ 108 పిలవండి.

మా పిల్లలు ఒక అట్ట రాసి పాల కేంద్రం గోడకి మేకు కొట్టేరు. ఊరు, మండలం, పడమర గట్టు, లాకుల వంతెన మీంచి రావాలి, కోనేరు దగ్గర నీళ్ళు, లైన్‌మేన్ నంబరు. పొద్దున్నే పాలు పోసేవాళ్ళందరూ చదువుతారు. లైన్‌మేన్ మారినప్పుడల్లా ఆ నంబరు మీద కొత్త కాయితం అంటించాలి, ఇప్పటికి రెండు అంటించేం.