పాత లెక్కలు చదవడం – 4వ పాఠం: పుట్టింది పది, దక్కింది నాలుగు

ఈ వారం జీతాల సంగతి మొదలుపెడదామనుకున్నాను. కుదరలేదు. పోయిన పాఠం చివర ఇచ్చిన ప్రశ్నకి మీరు పంపిన జవాబులు చదివాక, ముందు సగటు అనే ఈ ముడి విప్పకుండా జీతాల్లోకి వెళ్తే అక్కడా ఇదే పడుతుందనిపించింది.

ప్రశ్న ఇది: పారిశ్రామికీకరణ వల్ల యూరప్‌లో అందరూ బాగుపడ్డారా? పట్టిక చూసి చెప్పండి. పట్టికేమో ఇంగ్లండ్ కూలీల ఆరోగ్యం మీద ఎడ్విన్ చాడ్విక్ అనే ప్రభుత్వాధికారి 1842లో ఇచ్చిన నివేదికలోది. చనిపోయినవాళ్ళ సగటు వయసు, కుటుంబసభ్యులతో కలిపి. నూలు మిల్లుల ఊరు మాంచెస్టర్‌లో పెద్ద కుటుంబాలవాళ్ళు (డబ్బూ హోదా ఉన్నవాళ్ళు) 38, వ్యాపారులు 20, కూలీలు 17. పొలాలు తప్ప పెద్దగా ఏమీ లేని రట్లాండ్ అనే చిన్న కౌంటీలో (మన జిల్లాలాంటిది) అదే వరసన 52, 41, 38.

వచ్చిన జవాబుల్లో ముప్పాతికవంతు ఒకే వాక్యంతో మొదలయ్యాయి: "మాంచెస్టర్‌లో కూలీలు 17 ఏళ్ళకే చనిపోయేవారు." ఒకరైతే "మీసం రాకముందే రాలిపోయిన బతుకులు" అని కవిత్వం కూడా కలిపారు. ఒక్కరు మాత్రం పక్కన పెన్సిల్‌తో "మరి వీళ్ళకి పెళ్ళిళ్ళెప్పుడయ్యాయి సార్, పిల్లలెప్పుడు పుట్టారు?" అని రాసి, మళ్ళీ ఏమనుకున్నారో కొట్టేశారు. ఫోటోలో కొట్టేసింది కనబడుతూనే ఉంది. మొత్తం కట్టలో నాకు నచ్చింది ఆ కొట్టేసిన ముక్కే.

తప్పు కొంత నాది. పట్టిక ఇచ్చాను గానీ అది ఎలా వండారో చెప్పలేదు. ఇప్పుడు చెప్తా.

ఒక పళ్ళెం, గుప్పెడు చింతపిక్కలు తెచ్చుకోండి. కాలిక్యులేటర్ వద్దు. వేళ్ళకి తగలనిదే సగటు బుర్రకెక్కదని నా నమ్మకం, బీమా ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసినా అది మారలేదు. పళ్ళెంలో పది కుప్పలు పెట్టాలి. ఒక్కో కుప్ప ఒక్కో చావు, కుప్పలో ఎన్ని పిక్కలుంటే అన్నేళ్ళు బతికినట్టు. ఆరు కుప్పల్లో ఒక్కొక్క పిక్క పెట్టండి. మిగతా నాలుగింట్లో నలభై ఒకటేసి. మొత్తం ఎన్ని? ఆరు, నూట అరవై నాలుగు, కలిపి 170. పదిమందికి పంచితే 17.

ఇప్పుడు పళ్ళెంలోకి చూసి, పదిహేడేళ్ళకి పోయినవాడు ఏ కుప్పో నాకు చూపించండి.

లేడు. ఆరుగురు పాలు తాగే వయసులో పోయారు, నలుగురు నలభై దాటి పోయారు. పదిహేడేళ్ళ శవం ఒక్కటీ లేకుండానే సగటు 17 వచ్చింది. ఇవి నేను అల్లిన అంకెలు, కానీ అల్లిక ఊరికే కాదు. మాంచెస్టర్ కూలీ కుటుంబాల్లో జరిగిన చావుల్లో సగానికి పైగా అయిదేళ్ళలోపు పిల్లలవే. మన ముసలమ్మలు సంసారం సంగతి చెప్పేటప్పుడు "పుట్టింది పది, దక్కింది నాలుగు" అంటారే, 17 అనే అంకె లోపల ఉన్నది ఆ మాటే. మిల్లులో పనిచేస్తున్న కుర్రాడు పదిహేడో ఏట కూలిపోవడం వేరు, ఇంట్లో ఉయ్యాల ఖాళీ కావడం వేరు. రెండింటికీ కారణాలు వేరు, మందులూ వేరు. రెండోదానికి చాడ్విక్ చెప్పిన మందు మురుగుకాలవ, మంచినీళ్ళు.

ఇక్కడితో ఆపేస్తే సగమే చెప్పినట్టు. ఇంకో ఉచ్చు ఉంది. నన్ను నిజంగా విసిగించేది ఇదే, ఎందుకంటే చదువుకున్నవాళ్ళే ఎక్కువగా పడతారు.

ఒక ఆఫీసు అనుకోండి. సర్వీసులో ఉండగా పోయిన ఉద్యోగుల సగటు వయసు 47. పెన్షనర్లలో పోయినవాళ్ళ సగటు వయసు 74. అంటే రిటైరైతే ఆయుష్షు ఇరవై ఏడేళ్ళు పెరుగుతుందా? నవ్వుతున్నారు కదా. సర్వీసులో ఉన్నవాళ్ళెవరూ అరవై దాటరు, అందుకని వాళ్ళలో డెబ్భై ఏళ్ళ చావు ఉండే వీల్లేదు. పెన్షనర్లలో ముప్ఫై ఏళ్ళ చావు ఉండదు. చావుల సగటు వయసు ముందు చెప్పేది ఆ గుంపులో ఏ వయసువాళ్ళు ఎక్కువన్నది. ప్రాణాపాయం ఎంతన్నది ఆ తర్వాతి మాట.

మాంచెస్టర్‌కి పెట్టి చూడండి. చుట్టుపక్కల పల్లెల నుంచి, ఐర్లండ్ నుంచి పడుచువాళ్ళు పని కోసం వచ్చిపడుతున్నారు. పడుచు జంటలున్న చోట పురుళ్ళెక్కువ. పురుళ్ళెక్కువైన చోట, ఆ రోజుల్లో, పసివాళ్ళ చావులూ ఎక్కువే. ముసలివాళ్ళేమో తక్కువ. రట్లాండ్‌లో కుర్రకారు వెళ్ళిపోగా ముసలివాళ్ళు మిగులుతారు. రెండు చోట్లా ప్రాణాపాయం సరిగ్గా సమానంగా ఉన్నా మాంచెస్టర్ సగటు కిందికే జారుతుంది. ఇది నేను కనిపెట్టింది కాదు. నీసన్ అనే బీమా గణకుడు 1844లోనే లండన్ గణాంక సంఘంలో ఈ మాటే పట్టుకుని చాడ్విక్ పట్టికని ఉతికేశాడు. చచ్చినవాళ్ళని మాత్రమే లెక్కపెట్టి ప్రీమియం నిర్ణయించే బీమా కంపెనీ ఏడాది తిరక్కుండా మూతపడుతుంది. బతికున్నవాళ్ళు ఎంతమందిలో ఎంతమంది పోయారన్నదే లెక్క.

"అయితే పట్టిక అబద్ధమన్నమాట, మాంచెస్టర్ బాగానే ఉందన్నమాట" అని ఈపాటికే ఎవరో రాసుకుంటూ ఉంటారు. ఆగండి. సరైన పద్ధతిలో లెక్క కట్టినవాడూ ఉన్నాడు. జనన మరణాలు నమోదుచేసే రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసులో పనిచేసిన విలియం ఫార్, 1841 జనాభా లెక్కల్నీ చావుల రిజిస్టర్లనీ పక్కపక్కన పెట్టి జీవిత పట్టికలు, అంటే ఏ వయసులో ఎంతమందికి ఎంతమంది పోతారో చెప్పేవి, కట్టాడు. మేం ఆఫీసులో వాడిన పట్టికలకి తాతలవి. పుట్టిన బిడ్డ సగటున ఎన్నేళ్ళు బతకొచ్చు? పల్లెలెక్కువున్న సర్రే కౌంటీలో 45, లండన్‌లో 37, రేవుపట్నం లివర్‌పూల్‌లో 26. వయసుల తేడా తీసేసినా అగాధం పూడలేదు. మీలో చాలామంది చివర రాసిన మాట, పారిశ్రామిక నగరం పేదవాడి ప్రాణం తీసిందని, మొత్తమ్మీద తప్పేం కాదు. కానీ మీరు అక్కడికి వెళ్ళిన దారి తప్పు. మార్కులు సగమే ఇస్తాను.

పట్టికలో ఇంకొకటుంది, ఒక్కరూ పట్టుకోలేదు. మాంచెస్టర్ పెద్దకుటుంబానికీ రట్లాండ్ కూలీకీ ఒకటే అంకె: 38. ఉచ్చులన్నీ తీసేసి చూస్తే అంత కచ్చితంగా సమానం కాదు గానీ, డబ్బున్నంత మాత్రాన ఆ ఊరి గాలినీ నీటినీ తప్పించుకోలేకపోయారన్నది నిలబడుతుంది. కాబట్టి "అందరూ" అన్న మాటని ధనిక, పేద అని రెండు ముక్కలు చేస్తే చాలదు. ఎక్కడ, ఏ వయసులో, ఏ పదేళ్ళలో అని కూడా కొయ్యాలి. నేనైతే ప్రతి పాత పట్టిక కిందా పెన్సిల్‌తో ఒక గీత గీసి "ఇందులో లేనిదెవరు?" అని రాసుకుంటాను. అంతకు మించిన పద్ధతి నా దగ్గర లేదు.

ఆ గీత జీతాల పట్టిక కింద గీస్తే ఏమవుతుందో చూద్దాం. ధరల సూచీతో భాగించి నిజవేతనం, అంటే కూలి డబ్బుకి నిజంగా ఎంత సరుకు వస్తుందన్నది, తీయడం మీకు వచ్చు, దాటేస్తున్నా. ఆర్థిక చరిత్రకారుడు రాబర్ట్ ఆలెన్ లెక్కలో 1780 నుంచి 1840 వరకు బ్రిటన్‌లో ఒక్కో కార్మికుడి ఉత్పత్తి 46 శాతం పెరిగితే నిజవేతనం పెరిగింది 12 శాతం. మిగతాది లాభాలవైపు వెళ్ళింది. సరే, ఆ 12 శాతమైనా ఎవరిది? బతికి, పనిలో ఉండి, కూలి తీసుకున్నవాడిది. ఒకటో ఏట పోయిన ఆ ఆరు కుప్పలు జీతాల సగటులోకి ఏ రోజూ రావు. జీతం సగటు దక్కినవాళ్ళ సగటు.

పనిలో ఉన్నవాళ్ళలోనూ చూడండి. బోల్టన్ ఊళ్ళో చేమగ్గం నేసేవాడికి 1800 ప్రాంతంలో వారానికి దాదాపు 25 షిల్లింగులు. 1830 వచ్చేసరికి ఆరు షిల్లింగుల్లోపు. తమాషా ఏమిటంటే ఇతన్ని మొదట బాగుచేసింది యంత్రమే. వడికే యంత్రాలతో నూలు చవకై, కావలసినంత దొరికి, మగ్గానికి గిరాకీ పెరిగింది. తర్వాత మగ్గానికే యంత్రమొచ్చింది. బ్రిటన్‌లో 1813లో మరమగ్గాలు 2,400 ఉంటే, 1833కి లక్ష. అదే మనిషి, అదే మగ్గం. 1795లో అడిగితే పారిశ్రామికీకరణ చల్లగా ఉండాలనేవాడు, 1830లో అడిగితే మట్టికొట్టుకుపోవాలనేవాడు. అదే సమయంలో చవకైన నూలుబట్ట కొనుక్కున్న పనిమనిషికి, ఉతుక్కోగలిగే రెండో జత దొరికింది. ఆవిడ లాభమూ నిజమే. 1844లో జర్మనీ వైపు సైలీషియాలో నేతగాళ్ళు తిరగబడ్డదీ బట్ట ధర పడిపోయే. మన చేనేత కథకి ఇంకో ముడి ఉంది, పరాయి పాలన. దాన్ని ఇందులో కలపకండి, వేరే పాఠం పెడతా.

"కాలక్రమేణా ఫలాలు అందరికీ అందాయి" అని రాసినవాళ్ళు నలుగురున్నారు. ఏ కాలం? ఏ క్రమం? 1870ల తర్వాత అమెరికా గోధుమ దిగి రొట్టె చవకైన మాట నిజం, కూలీల నిజవేతనాలు బాగా పెరిగిన మాటా నిజం. కానీ బోల్టన్ నేతగాడు ఆ రొట్టె తినలేదు. "కాలక్రమేణా" అని రాసిన చోటల్లా ఇకమీదట సంవత్సరం రాయండి, రాయలేకపోతే వాక్యం కొట్టేయండి.

అభ్యాసం. మర్చిపోయేవాణ్ణే.

ఒకటి: పది చావులు, సగటు 17 రావాలి, పది నుంచి పాతిక మధ్య వయసు ఒక్కటీ ఉండకూడదు. మూడు రకాలుగా కట్టండి. ప్రతిదాన్లోంచీ అయిదేళ్ళలోపువి తీసేసి సగటు మళ్ళీ చూడండి. చాడ్విక్ పట్టికలోనే లివర్‌పూల్ కూలీలకి 15, పెద్దకుటుంబాలకి 35. వాటికీ అంతే చేయండి.

రెండు కొంచెం కష్టం. మీ ఇంట్లో అందరికంటే పెద్దావిడ దగ్గర కూర్చుని, ఆవిడ తల్లికి పుట్టినవాళ్ళెందరు, దక్కినవాళ్ళెందరు, పోయినవాళ్ళు ఏ వయసుకి పోయారు అడగండి. ఫోన్‌లో వద్దు, ఎదురుగా అడగండి, ఆవిడ ఆగిన చోట మీరూ ఆగండి. పేర్లు నాకు పంపొద్దు, వయసులు చాలు. వాటి సగటు కట్టి, ఆ సగటు వయసులో ఆ ఇంట్లో ఎవరైనా పోయారేమో చూసి రాయండి. పక్కన పెన్సిల్‌తో ఏమైనా రాసుకుంటే ఈసారి కొట్టేయకుండా పంపండి.