బిగించేటప్పుడు కలవని ఫర్నిచర్: తేడా ఎక్కడ పుట్టింది, ఎలా సరిచేయాలి

సైట్ నుంచి ఫోన్. "అన్నా, బాక్స్ కూర్చోవట్లేదు. సుత్తితో రెండు తగిలించమంటావా?"

వద్దు. బాక్స్ అంటే సైడ్లు, టాప్, బాటమ్, బ్యాక్ కలిసిన అర. విడి ప్యానెళ్లుగా వెళ్లి కస్టమర్ ఇంట్లో బిగించే ఫర్నిచర్‌కి సుత్తి మందు కాదు. పాత మేస్త్రులు నూళ్ల లెక్కలో పనిచేసేవారు. అంగుళానికి ఎనిమిది నూళ్లు, అంటే ఒక నూలు దాదాపు 3 మిల్లీమీటర్లు. తేడా వస్తే అక్కడికక్కడే చిత్రిక పట్టి సరిచేసేవారు. మన పనిలో లామినేట్ అతికించి, ఎడ్జ్ బ్యాండ్ (కోసిన అంచుకి అతికించే పట్టీ) వేసి, రంధ్రాలు కొట్టి, ప్యాక్ చేసి పంపాక చిత్రిక పట్టడానికి ఏమీ మిగలదు. ఒక్క మిల్లీ తేడా ఉన్నా గోరుకి తగులుతుంది.

కింద రాసిన సమస్యల్లో చాలావాటికి నేను మొదట బిగించేవాళ్లనే తిట్టాను. తీరా వెతికితే తప్పు నా డ్రాయింగ్‌లోనే దొరికింది. అందుకే ఏ కంప్లయింట్ వచ్చినా ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: ఈ రంధ్రాన్ని ఏ ముఖం నుంచి, ఏ అంచు నుంచి కొలిచాం?

"బాటమ్ ప్యానెల్ సైడ్ కంటే 1 మిల్లీ కిందికి దిగింది"

పైన కూడా చూడండి. టాప్ ప్యానెల్ కూడా అంతే 1 మిల్లీ పైకి వచ్చి ఉంటే అది కటింగ్ తప్పు కాదు, డ్రాయింగ్ తప్పు. కిచెన్ బాక్సుల్లో ఇది నేను ఎక్కువగా చూశాను.

సైడ్ ప్యానెల్ మీద 5 మిల్లీ రంధ్రాలు 32 మిల్లీకి ఒకటి చొప్పున వరసగా ఉంటాయి కదా. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జర్మనీలో పుట్టిన పద్ధతి అది. ముందు వరస ప్యానెల్ ముందు అంచు నుంచి 37 మిల్లీ లోపల ఉంటుంది. తలుపు కీలు కూర్చునే హింజ్ ప్లేట్, డ్రాయర్ చానల్, షెల్ఫ్ పిన్ అన్నీ ఆ వరసలోనే కూర్చుంటాయి. ఆ పద్ధతిలో బాగా వాడే సైడ్ ఎత్తు 720. ఆ అంకె ఊరికే రాలేదు. 32ని 22తో హెచ్చిస్తే 704, దానికి బోర్డు మందం 16 కలిపితే 720. మొదటి రంధ్రం కింది అంచు నుంచి 8 మిల్లీలో, చివరిది పై అంచు నుంచి 8 మిల్లీలో వస్తుంది. 8 అంటే 16లో సగం. కాబట్టి బాటమ్ ప్యానెల్ మందానికి సరిగ్గా మధ్యలో వేసిన రంధ్రం దీనికి ఎదురుగా వస్తుంది. సైడ్‌ని తిరగేసినా అంతే.

ఇప్పుడు మనం చేసే పని చూడండి. ఎత్తు 720 అలాగే ఉంచి బోర్డు మాత్రం 18 వాడతాం. బాటమ్ అంచులో రంధ్రం మధ్యలో, అంటే 9 దగ్గర వేస్తాం. సైడ్‌లోది 8 దగ్గరే ఉంది. మిగిలిన ఆ 1 మిల్లీయే కిందికి దిగింది.

దీనికి రెండు దారులు. ఒకటి, సైడ్ ఎత్తు 722 చేయడం: 704కి 18 కలిపితే 722, మొదటి రంధ్రం 9 దగ్గర. గ్రానైట్ ఎత్తు గురించి టెన్షన్ అక్కర్లేదు, కాళ్లని 2 మిల్లీ దించితే సరి. రెండోది, 720 మార్చలేని పరిస్థితి ఉంటే, బాటమ్ అంచు రంధ్రాన్ని మధ్యలో కాకుండా బయటి ముఖం నుంచి 8 దగ్గర వేయడం. క్యామ్ (బోల్ట్ తలని పట్టుకుని లాగే గుండ్రటి లాక్) కూడా ఆ బయటి ముఖం వైపు నుంచే, 16 బోర్డుకి ఇచ్చే క్యామ్, 16 బోర్డుకి చెప్పిన లోతులోనే వేయాలి. బోర్డు మందంలో వచ్చే తేడా అంతా బాక్స్ లోపలికి పోతుంది, అక్కడ ఎవరికీ కనపడదు. నాకు రెండోదే ఇష్టం. బోర్డు 17.6 వచ్చినా, 18.3 వచ్చినా బయటి గీత కదలదు.

అప్పటికే బిగించేసిన బాక్స్ అయితే? కాళ్ల మీద నిలబడే బేస్ యూనిట్‌లో కింద 1 మిల్లీ ఎవరూ చూడరు, వదిలేయండి. గోడకి వేలాడే యూనిట్‌లో కింది ముఖం కళ్ల ముందే ఉంటుంది కాబట్టి దాని బాటమ్ ప్యానెల్ మళ్లీ కొట్టించాల్సిందే.

"ఐదు బాక్సులూ గోడల మధ్యలో పట్టట్లేదు"

ప్లైవుడ్ పనిలో ఇది మామూలే. ఒక్కో బాక్స్ 600 అని రాశాం, ఐదు కలిపి 3000. సైట్‌లో కొలిస్తే 3011.

వెర్నియర్ (మందం కొలిచే పరికరం) తీసి సైడ్ ప్యానెల్ మందం కొలవండి. 18 అని బిల్లు వేసిన ప్లై మాకొకసారి 17.3 వచ్చింది. దానికి బయట 1 మిల్లీ, లోపల 0.8 లామినేట్ అతికిస్తే 19.1. కటింగ్ లిస్టులో మాత్రం 600లోంచి రెండు 18లు తీసేసి బాటమ్ పొడవు 564 అని రాసుకున్నాం. 564కి రెండు 19.1లు కలపండి. 602.2. ఐదు బాక్సులకి 11 మిల్లీ. మిషన్ తప్పు లేదు, కుర్రాడి తప్పు లేదు. లేని మందాన్ని నమ్మి లెక్క వేశాం.

ముందే లామినేషన్ చేసి వచ్చే బోర్డులో ఈ బాధ తక్కువ, 18 అంటే అన్నీ కలుపుకుని 18కి దగ్గరగా ఉంటుంది. ప్లై వాడేటప్పుడు మాత్రం లోడ్ దిగగానే, లామినేట్ అతికించిన మొదటి షీట్‌ని నాలుగు మూలల్లో కొలిచి ఆ మందాన్నే లెక్కలో పెట్టండి. బాక్స్ బయటి వెడల్పు మారకూడదు, లోపలి కొలత దాని వెనక నడవాలి. సాఫ్ట్‌వేర్‌లో మందం ఒక్కచోట మారిస్తే అన్నీ మారేలా గీసుకుంటే ఐదు నిమిషాల పని.

గోడ సంగతి కూడా చెప్పాలి. మన గోడలు తూకంలో ఉంటాయని అనుకోవద్దు. కింద, నడుము ఎత్తులో, పైన మూడు చోట్ల కొలిచి తక్కువ వచ్చినదాన్ని తీసుకోవాలి. 3010 గోడకి ఐదు 600లు పెట్టడం ధైర్యం కాదు, మొండితనం. రెండు వైపులా 30 నుంచి 50 మిల్లీ ఫిల్లర్ పట్టీ (గోడ పక్క ఖాళీని పూడ్చేది) ఉండేలా బాక్సుల సైజు తగ్గించండి. పట్టీని సైట్‌లో గోడ వంకకి తగ్గట్టు కోసుకోవచ్చు. ఫిల్లర్ పెడితే డిజైన్ చెడిపోతుందని గొడవపడే ఆర్కిటెక్టులు ఉంటారు. వాళ్లని ఒకసారి మూలమట్టం తీసుకుని సైట్‌కి రమ్మనండి.

"లాక్ తిరుగుతూనే ఉంది, పట్టట్లేదు"

మినీఫిక్స్ గురించే, అంటే ఒక ప్యానెల్‌లో బోల్ట్, ఎదుటి ప్యానెల్‌లో దాన్ని లాగే క్యామ్ ఉండే జత. ముందు సులువైనవి చూసుకోండి. క్యామ్ మీది బాణం గుర్తు బోల్ట్ వచ్చే అంచు వైపు ఉండాలి. వేరే వైపు తిరిగి ఉంటే బోల్ట్ తల లోపలికే పోదు, పోయినా క్యామ్ పట్టుకోదు. బోల్ట్ మెడ దగ్గరి పళ్లెం సైడ్ ప్యానెల్‌కి ఆని ఉండాలి. అలాగని డ్రిల్ మిషన్‌తో గట్టిగా ఎక్కిస్తే పార్టికల్ బోర్డులో మర కొట్టుకుపోతుంది, చేత్తో ఎక్కించడమే మంచిది.

అవన్నీ సరిగ్గానే ఉన్నా పట్టకపోతే టేపు తీయండి. ప్యానెల్ అంచు నుంచి క్యామ్ రంధ్రం మధ్య వరకు ఎంత ఉంది? బోల్టులు 24, 34 రెండు కొలతల్లో దొరుకుతాయి. డ్రాయింగ్ 24కి గీసి, షాపువాడు 34 ఇస్తే చూడగానే తెలిసిపోతుంది. తెలియనిది 26 వచ్చినప్పుడు.

మాకు ఒక వార్డ్‌రోబ్‌లో 26 వచ్చింది. తేమ ఎక్కకుండా ఉంటుందని సైడ్‌కి ఆనే అంచుకి కూడా 2 మిల్లీ బ్యాండ్ వేశాం. కట్ సైజులోంచి రెండు చివర్లదీ కలిపి ఆ 4 మిల్లీ తీసేయడం గుర్తుంది. రంధ్రం మాత్రం బ్యాండ్ వేయని అంచు నుంచి 24 దగ్గర కొట్టాం. బ్యాండ్ వేశాక అది 26 అయింది. క్యామ్ లాగే దూరం చాలా కొంచెం, 2 మిల్లీ ఖాళీని అది పూడ్చలేదు. అప్పటి నుంచి మా దగ్గర వరస ఒకటే: కటింగ్, బ్యాండ్, ఆ తర్వాతే డ్రిల్లింగ్. కొలత పూర్తయిన అంచు నుంచే. ఇక ఆ అంచుకి 2 మిల్లీ అవసరమే లేదు, 0.8 చాలు.

సైట్‌లో అప్పటికప్పుడు ఏం చేయాలి? బోల్ట్‌ని ఒక చుట్టు వెనక్కి తిప్పితే తల కొంచెం ముందుకు వస్తుంది, కానీ పట్టు తగ్గుతుంది. షెల్ఫ్ బరువు మోసే చోట అలా చేయకండి. సైడ్ బయటి ముఖం కనపడని చోటైతే బయటి నుంచి కన్ఫర్మాట్ స్క్రూ (బోర్డుకి వాడే లావు స్క్రూ) వేసేయండి. కనపడే చోటైతే ఆ ప్యానెల్ మళ్లీ కొట్టించడమే.

"డోవెల్ పూర్తిగా దిగట్లేదు, జాయింట్‌లో సందు"

డోవెల్ అంటే రెండు ప్యానెళ్లని కలిపే కర్ర మేకు. 8 మిల్లీ లావు, 30 పొడవున్న డోవెల్‌కి రెండు రంధ్రాల లోతు కలిపి 30 చేస్తే ఫెవికాల్ పోవడానికి చోటుండదు. సైడ్‌లో 12, అంచులో 20 వేయండి, 2 మిల్లీ ఖాళీ ఉంటుంది. వానాకాలంలో డోవెల్స్ ఉబ్బుతాయి, కవర్ మూతి కట్టి ఉంచండి. ఉబ్బినదాన్ని కొట్టి దించితే బోర్డు అంచు చీలుతుంది.

"షట్టర్లు సమానంగా లేవు"

షట్టర్లంటే బాక్స్ తలుపులు. వెంటనే స్క్రూడ్రైవర్ తీసి హింజ్ తిప్పడం మొదలుపెట్టకండి. హింజ్‌లో పక్కకి జరిపే వీలు 2 మిల్లీ అటూ ఇటూ ఉంటుంది. దాన్ని మొదట్లోనే ఖర్చు పెట్టేస్తే రేపు కస్టమర్ పిలిచినప్పుడు చేతిలో ఏమీ ఉండదు. ముందు రెండడుగులు వెనక్కి వేసి చూడండి. వంకర ఏ రకంగా ఉందో అదే చెబుతుంది.

రెండు షట్టర్ల మధ్య సందు పైనుంచి కింది దాకా సమానంగా ఉంది, కానీ పై అంచుల్లో ఒకటి ఎత్తు, ఒకటి పల్లం. అంటే బాక్స్ మూలమట్టం తప్పింది, ఒక పక్కకి ఒరిగింది. ఐమూలలు (ఒక మూల నుంచి ఎదురు మూలకి ఉన్న దూరం) కొలవండి. 600 బై 720 బాక్స్‌కి రెండు ఐమూలలూ 937 దగ్గర రావాలి. వాటి మధ్య తేడా 3 మిల్లీ ఉందంటే పైభాగం పక్కకి 2 మిల్లీ పైనే ఒరిగినట్టు. బ్యాక్ ప్యానెల్ స్క్రూలు విప్పి, ఎక్కువ వచ్చిన ఐమూలని క్లాంప్‌తో నొక్కి, సరిపోయాక మళ్లీ బిగించండి. బ్యాక్ ప్యానెల్‌ని దుమ్ము పడకుండా వేసే మూత అనుకునేవాళ్లు ఉన్నారు. బాక్స్‌ని మూలమట్టంలో నిలబెట్టేది అదే, దాని కటింగ్ అన్నిటికంటే కచ్చితంగా ఉండాలి.

ఒక షట్టర్ కింది మూల ముందుకి పొడుచుకు వస్తే బాక్స్ మెలి తిరిగింది. దాదాపు ఎప్పుడూ నేల వల్లే. నీళ్లు పోవడానికి వంటింటి నేలకి వాలు ఇస్తారు, ఒక కాలు గాల్లో ఉంటుంది. రసమట్టం పెట్టి నాలుగు కాళ్లూ సరిచేస్తే షట్టర్లు వాటంతటవే దారికొస్తాయి.

మధ్య సందు పైన 2, కింద 5 ఉంటే మాత్రం అది హింజ్ పని. అప్పుడు తిప్పండి.

సైజు విషయం: 600 బాక్స్‌కి రెండు షట్టర్లంటే ఒక్కోటి 297, ఎడ్జ్ బ్యాండ్‌తో కలిపి. పక్కన ఒకటిన్నర, మధ్యలో 3 సందు వస్తుంది. 299 పెట్టి సందు కనపడకూడదంటే పక్క బాక్స్ షట్టర్‌తో రాసుకుంటుంది.

"షెల్ఫ్ మూడు పిన్నుల మీదే నిలబడుతోంది"

ఎడమ సైడ్‌కి కింది నుంచి, కుడి సైడ్‌కి పై నుంచి కొలిచి కొట్టారు. ప్యానెల్ అర మిల్లీ పొట్టిగా వస్తే ఆ అర మిల్లీ షెల్ఫ్ కింద తేలుతుంది. రెండు సైడ్లకీ కింది అంచునే డ్రిల్లింగ్ మిషన్ స్టాపర్‌కి ఆనించాలి. కటింగ్ అవ్వగానే కింది అంచు మీద పెన్సిల్‌తో బాణం గీయడం అలవాటు చేయండి. సైట్‌లో అయితే ఆ పిన్ను మీద లామినేట్ ముక్క అతికిస్తే చాలు.

"ఇల్లు మారాం, మళ్లీ బిగిస్తే వదులైపోయింది"

పార్టికల్ బోర్డులో బోల్ట్ ఒకసారి ఎక్కి దిగాక మర అరుగుతుంది. అగ్గిపుల్లలు దూర్చడం మన దేశవాళీ వైద్యం, నెల రోజులు ఆగుతుంది. సరైన పద్ధతి: ఆ రంధ్రాన్ని 8 మిల్లీ బిట్‌తో 12 లోతు వరకు పెద్దది చేసి, ఫెవికాల్ పూసిన డోవెల్ దింపి, పైకి మిగిలింది కోసేసి, మర్నాడు మళ్లీ 5 మిల్లీ రంధ్రం వేయండి. మళ్లీ గట్టిగా పట్టుకుంటుంది.

అద్దె ఇళ్లవాళ్లకి చేసేటప్పుడు మొదటే బోర్డులో ఇత్తడి ఇన్సర్ట్ (లోపల మర ఉన్న గొట్టం) దింపి మెషిన్ బోల్ట్ వేసే డిజైన్ పెట్టండి. ఖర్చు కొంచెం ఎక్కువే. కానీ ఎన్నిసార్లు విప్పి బిగించినా అరిగేది ఇనుము మీద ఇత్తడే, బోర్డు కాదు.

"షెల్ఫ్ తలకిందులుగా బిగించారు, లాకులన్నీ పైకి కనిపిస్తున్నాయి"

కాగితం చదవలేదని కస్టమర్‌ని అనకండి. 2018లో హైదరాబాద్‌లో ఐకియా తెరిచాక సొంతంగా బిగించుకునేవాళ్లు పెరిగారు. వాళ్లలో ఎక్కువమంది చేతికి దొరికిన ప్యానెల్ తీసి పెట్టేస్తారు, ఆ తర్వాత కాగితం చూస్తారు. ప్యానెల్‌ని ఎటు తిప్పినా సరిపోయేలా చేయాలి, లేదా తప్పుగా పెడితే అసలు ఎక్కకుండా చేయాలి. తప్పుగా పెట్టినా ఎక్కేస్తే అది డిజైన్ లోపం.

కొత్త డిజైన్ ఏది వచ్చినా మొదటి సెట్ మా బావమరిదికి ఇస్తాను. మా దగ్గర లెక్కలు చూస్తాడు, స్క్రూడ్రైవర్ పట్టడం పెద్దగా రాదు, కాగితం అసలే చూడడు. పోయినసారి పుస్తకాల అలమరకి ఫిక్స్‌డ్ షెల్ఫ్‌ని తలకిందులుగా పెట్టి, శుభ్రంగా బిగించి, "అయిపోయింది బావా" అన్నాడు. నాలుగు క్యామ్‌లూ పైకి చూస్తున్నాయి. ఆ షెల్ఫ్‌కి ఒక వైపు వెనక డోవెల్‌ని 32 మిల్లీ ముందుకి జరిపాను, సైడ్‌లో దాని రంధ్రాన్ని కూడా. మర్నాడు మళ్లీ ఇచ్చాను. మళ్లీ తలకిందులుగానే పెట్టబోయాడు. డోవెల్ ఎక్కలేదు. రెండుసార్లు నొక్కి చూసి, నన్ను ఏమీ అడక్కుండా తిప్పి పెట్టాడు.