ట్యాపెట్ కవర్ బోల్టులు బిగించే ముందు

పాత కారు ఇంజిన్ మీద ట్యాపెట్ కవర్ (వాల్వులను కప్పే పైమూత) అంచున ఆయిల్ చెమరుస్తోందా? వెంటనే స్పానర్ పట్టుకుని బోల్టులు బిగించేయకండి. నేను అలాగే చేశాను, లీకు ఇంకా పెరిగింది.

చాలా ఇంజిన్లలో బోల్టు తల కింద రబ్బరు సీలు వాషర్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది రాయిలా గట్టిపడుతుంది. అప్పుడు ఎంత బిగించినా, కవర్ కింద ఆయిల్ కారకుండా ఆపే ప్యాకింగ్ (గాస్కెట్) మీద ఒత్తిడి సమంగా పడదు. రేకు కవరైతే వంగుతుంది. అంతకన్నా నష్టం, బోల్టులు దిగే ఇంజిన్ పైభాగం, అంటే అల్యూమినియం హెడ్‌లో మర తెగిపోవడం. దానికి కొత్త మర వేయించాలంటే ఖర్చూ, టెన్షనూ రెండూ ఎక్కువే.

అందుకే ప్యాకింగ్‌తో పాటు వాషర్లూ మార్చండి. తుప్పు పట్టిన బోల్టులు కూడా. చెన్నైలో ఉన్నవాళ్లు పాతవి జేబులో వేసుకుని స్పేర్ పార్టుల దుకాణాలుండే జీపీ రోడ్డుకి వెళ్లండి, పొడవు, మర పక్కపక్కన పెట్టి సరిచూసుకునే కొనండి.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక, ముందు బోల్టులన్నీ చేత్తోనే తిప్పండి. తర్వాత మధ్య నుంచి అంచులకు, రెండు మూడు విడతల్లో బిగించండి. చాలా చిన్న ఇంజిన్లకు 10 న్యూటన్ మీటర్ల బిగింపు దగ్గరే సరిపోతుంది, మీ కారు మాన్యువల్‌లో ఉన్న అంకెనే పాటించండి. బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచ్ అరువు తెచ్చుకున్నా పర్వాలేదు, అందాజాతో మాత్రం వద్దు.