కంటికి కనిపించని దానికి డబ్బు కట్టకుండా డైమండ్ ఉంగరం కొనడం

నిశ్చితార్థపు ఉంగరానికి అనుకున్న డబ్బంతా రాయికే అనుకోవడం దగ్గరే బడ్జెట్ గాడి తప్పుతుంది. బంగారం, మజూరీ, పన్ను, సైజు సరిచేయించే ఖర్చు ముందుగా తీసేయండి. మిగిలిందే రాయి బడ్జెట్. ఆ అంకె కాగితం మీద రాసుకున్నాకే దుకాణం మెట్లెక్కండి. లోపలికి వెళ్లాక ‘ఇంకొంచెం పెడితే...’ అనే మాట వినపడక మానదు.

క్యారెట్ అనే మాటతో జాగ్రత్త. బంగారం విషయంలో అది స్వచ్ఛత, వజ్రం విషయంలో బరువు. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అంటే 100 సెంట్లు. బరువు పెరిగే కొద్దీ ఒక్కో క్యారెట్ రేటు కూడా పెరుగుతుంది. పైగా 50 సెంట్లు, 1 క్యారెట్, ఒకటిన్నర లాంటి రౌండ్ ఫిగర్ల దగ్గర ధర ఒక్కసారిగా ఎగబాకుతుంది. చక్కగా కోసిన గుండ్రటి 1 క్యారెట్ రాయి వెడల్పు సుమారు 6.5 మిల్లీమీటర్లు, 90 సెంట్లది 6.2. వేలికి పెట్టుకున్నాక ఆ తేడా పట్టుకోవడం కష్టం. కాబట్టి 45, 90, 140 సెంట్ల రాళ్లే అడగండి.

దీనికి తిరగేసిన మోసం ఒకటుంది. 1 క్యారెట్ అనిపించుకోవడం కోసమే బరువంతా అడుగున మిగిల్చి లోతుగా కోసిన రాళ్లుంటాయి. 1.01 క్యారెట్ రాయి 6.1 మిల్లీమీటర్లే ఉంటే 90 సెంట్ల దానికంటే చిన్నగా కనిపిస్తుంది. రాయితో వచ్చే ల్యాబు రిపోర్టులో బరువు చూసి ఆగిపోకుండా, కొలతల వరుస కూడా చదవండి.

డబ్బు పెట్టాల్సిన చోటు కట్, అంటే రాయిని కోసిన తీరు. పైనుంచి దిగిన వెలుగు అడుగు ముఖాల మీద తగిలి మళ్లీ పైకి వస్తేనే రాయి మెరుస్తుంది. అడుగు మరీ లోతైతే వెలుగు పక్కలకు జారిపోయి నడిమధ్య నల్లబడుతుంది. మరీ పల్చనైతే అంచు ప్రతిబింబం లోపల తెల్లటి వలయంలా కనిపించి, రాయి చేపకన్నులా వెలవెలబోతుంది. గుండ్రటి రాయికి టేబుల్ (పైనున్న చదునైన ముఖం) వెడల్పులో 54–58 శాతం, మొత్తం లోతు వెడల్పులో 59–62.5 శాతం, క్రౌన్ (పై భాగం) కోణం 34–35 డిగ్రీలు, పెవిలియన్ (అడుగు భాగం) కోణం 40.6–41 డిగ్రీల మధ్య ఉంటే దాదాపు బేఫికర్. క్రౌన్ నిటారుగా ఉండి పెవిలియన్ కూడా నిటారుగా ఉంటే మాత్రం, రిపోర్టులో కట్ గ్రేడు ‘ఎక్సలెంట్’ అని ఉన్నా మరో రాయి చూపించమనండి. ఆ గ్రేడు లోపల మంచివీ ఉంటాయి, అంతంతమాత్రంవీ ఉంటాయి.

దుకాణం స్పాట్‌లైట్ల కింద గాజు ముక్క కూడా మెరుస్తుంది. రాయిని కిటికీ దగ్గరికి తీసుకెళ్లండి, తర్వాత అరచేతి నీడలో పెట్టి చూడండి, చివరగా మామూలు ట్యూబ్‌లైటు కింద. మూడు చోట్లా బతికున్నదే మంచి రాయి. మెల్లగా కుడికీ ఎడమకీ వంచుతుంటే వెలుగూ నీడా చోట్లు మారాలి. ఎటు వంచినా కదలని నల్లమచ్చ ఉంటే అది కోతలో లోపమే. ఓవల్ (కోడిగుడ్డు), పియర్ (నీటిబొట్టు), మార్క్వీజ్ (రెండు మొనల పడవ) ఆకారాలు అదే బరువులో పెద్దగా కనిపిస్తాయి, గుండ్రటి వాటికంటే తరచూ చవక కూడా. కానీ వాటి మధ్యలో బో టై (మెడకు కట్టే సీతాకోకచిలుక ముడి) ఆకారపు నీడ పడుతుంది. పల్చగా ఉంటే ఫర్వాలేదు, బొగ్గు గీసినట్టుంటే వదిలేయండి.

రంగులోనూ, క్లారిటీలోనూ (లోపల మచ్చలు, గీతలు ఎంత తక్కువో చెప్పే గ్రేడు) డబ్బు మిగుల్చుకోవచ్చు. డి (రంగులేనిది) నుంచి జెడ్ (పసుపు ఛాయ తేలేది) దాకా ఉన్న రంగు గ్రేడ్లను ల్యాబులో రాయిని బోర్లించి నిర్ణయిస్తారు, మనం చూసేది మాత్రం పైనుంచి. ప్లాటినం, వైట్ గోల్డ్ అయితే జి, హెచ్ చాలు. పసుపు బంగారంలో ఆ పసుపు ఛాయ ఎలాగూ రాయిలోకి దిగుతుంది కాబట్టి జె, కె కూడా నప్పుతాయి. పసుపు బంగారంలో బిగించడానికి డి రంగు రాయి కొనడం డబ్బు దండగ.

క్లారిటీని 10 రెట్లు పెంచే లూప్‌తో, అంటే చిన్న భూతద్దంతో చూసి ఇస్తారు. వీఎస్2 (చాలా చిన్న లోపాలున్న గ్రేడు)లో లోపాలు సాధారణంగా కంటికి ఆనవు. దాని కింది మెట్టు ఎస్ఐ1 అయితే గ్రేడును నమ్మకుండా ఏ రాయికి ఆ రాయి చూడాల్సిందే: టేబుల్ కింద నల్లచుక్క ఉంటే వద్దు, పక్కన తెల్లటి గీత ఉంటే ప్రాంగ్ (రాయిని పట్టి ఉంచే లోహపు కొక్కెం) కింద దాగిపోతుంది. ఆ గీత అంచును తాకిన పగులైతే మాత్రం ప్రాంగ్ బిగించేటప్పుడు రాయి చిట్లే ప్రమాదముంది. మెట్లు మెట్లుగా కోసిన ఎమరాల్డ్ కట్ అద్దంలాంటిది, ఏదీ దాచదు. దానికి వీఎస్ కంటే దిగొద్దు. రిపోర్టులో ఫ్లోరొసెన్స్ (అతినీలలోహిత కాంతికి రాయి వెలిగే గుణం) ‘స్ట్రాంగ్’ అని ఉంటే ఎండలో చూడండి. పాలు కలిపినట్టు మసకబారకపోతే అది ధర తగ్గించమని అడగడానికి మీకు దొరికిన సాకు.

రిపోర్టు జీఐఏ, ఐజీఐ లాంటి స్వతంత్ర ల్యాబుది కావాలి. అమ్మేవాళ్లు సొంతంగా ఇచ్చే సర్టిఫికెట్ అందుకు సాటిరాదు. రిపోర్టు నంబరును ల్యాబు వెబ్‌సైట్‌లో కొట్టి చూడండి. రాయి అంచున లేజర్‌తో చెక్కిన నంబరు ఉంటే లూప్‌లో చదివి రెండూ సరిపోల్చండి. పగుళ్లలో గాజులాంటి పదార్థం నింపిన రాళ్లు ఎంత చవకైనా వద్దు, రేపు ఉంగరం రిపేరుకిస్తే ఆ వేడికి నింపింది పాడవుతుంది.

ల్యాబ్‌లో పెంచిన వజ్రమూ అసలు వజ్రమే, అదే కార్బన్. కంటికి గానీ, లూప్‌కి గానీ, వేడి ప్రసరణ చూసే మామూలు టెస్టర్‌కి గానీ తేడా తెలియదు. గనిలో తీసిన దానికంటే చాలా చవక. అదే డబ్బుకి పెద్ద రాయి కావాలనుకుంటే సరైన దారే, కాకపోతే తిరిగి అమ్మితే పెద్దగా ఏమీ రాదు. ఏది కొన్నా, ఆ మాట బిల్లులో ఉండాలి.

22 క్యారెట్ల బంగారం మెత్తన, అందులో ప్రాంగ్స్ వంగిపోతాయి. 18 క్యారెట్లు గానీ 14 గానీ తీసుకోండి. లోపలివైపు 750 లేదా 585 ముద్ర ఉంటుంది. రోజూ పెట్టుకునే ఉంగరానికి పట్టీ 1.5 మిల్లీమీటర్ల కంటే సన్నగా వద్దు. ప్రాంగ్స్‌ని మెత్తటి గుడ్డ మీద రుద్ది చూడండి, పోగు చిక్కుకుంటే నున్నగా చేయించాలి. మొనదేలిన ఆకారాలకు ఆ మొనను కప్పే ప్రాంగ్ తప్పనిసరి, లేకపోతే అక్కడే విరుగుతుంది. చుట్టూ చిన్న రాళ్లున్న హేలో డిజైన్‌లో ‘మొత్తం 1 క్యారెట్’ అంటే నడిమి రాయి 40 సెంట్లే కావచ్చు. చిన్న రాళ్ల రేటు వేరు, నడిమి రాయి బరువు విడిగా అడగండి. పట్టీ చుట్టూతా రాళ్లుంటే తర్వాత సైజు మార్చడం దాదాపు కుదరదు.

వేలి కొలత సాయంత్రం తీయించండి. పొద్దున చలిలో వేలు సన్నబడుతుంది.

బిల్లులో నికర బంగారం బరువు, రాయి బరువు, మజూరీ వేర్వేరుగా ఉండాలి. ఉంగరం 3.60 గ్రాములు తూగి, అందులో 50 సెంట్ల రాయి ఉంటే రాయి 0.10 గ్రాములు, బంగారం ధర 3.50 గ్రాములకే కట్టాలి. తిరిగిచ్చే గడువు, సైజు మార్పు ఉచితమా కాదా అన్నదీ అదే కాగితం మీద రాయించుకోండి.