మామ్ టోర్ మీద నుంచి పొగమంచు నిండిన లోయను ఫోటో తీయడం ఎలా?

ఇంగ్లండ్‌లోని పీక్ డిస్ట్రిక్ట్‌కి వెళ్లొచ్చిన చాలామంది ఫోన్లలో ఒకే ఫోటో ఉంటుంది: రాళ్లు పరిచిన బాట, పచ్చటి కొండ వీపు, పైన బూడిదరంగు ఆకాశం. పొద్దున్న పదకొండింటికి కారు దిగి, పావుగంటలో మామ్ టోర్ కొండ ఎక్కి, నాలుగు ఫోటోలు నొక్కి దిగిపోతే వచ్చేది అదే. కింద హోప్ లోయ నిండా పాలు పోసినట్టు పొగమంచు, అందులోంచి తేలిన కొండల వరుస, వాటి అంచుల మీద తొలి ఎండ కావాలంటే పని ముందురోజు సాయంత్రం ఇంట్లోనే మొదలవ్వాలి.

మామ్ టోర్ ఎత్తు 517 మీటర్లు. దాని తూర్పున, సుమారు 300 మీటర్ల దిగువన, కాసిల్‌టన్ అనే ఊరు ఉంది. ఈ ఎత్తు తేడాయే మన ఫోటోకి ఆధారం. మాంచెస్టర్, షెఫీల్డ్ రెండు నగరాల నుంచీ కారులో గంటకు అటూఇటూ దూరం కాబట్టి అక్కడ చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లకు ఒక్క తెల్లవారుజాములో అయ్యే పని. వంజంగి కొండ మీద మేఘాల పైన నిలబడి చూసినవాళ్లకు ఈ దృశ్యం వెంటనే అర్థమవుతుంది. ఎక్కడం అక్కడికంటే ఇక్కడ చాలా తేలిక.

సామాను

కెమెరా ఏదైనా ఫరవాలేదు, ఫోన్ కూడా సరే. ట్రైపాడ్ తప్పనిసరి. ఒక్క లెన్సే మోయగలిగితే 70–200 మిల్లీమీటర్ల టెలీ లెన్సు (దూరాన్ని దగ్గరగా చూపేది) మోయండి. వైడ్ లెన్సులో లోయ చిక్కిపోయి, పొగమంచు ఒక తెల్ల గీతలా మిగులుతుంది. టెలీ లెన్సు దూరపు కొండలను దగ్గరికి లాగి పొరలు పొరలుగా పేరుస్తుంది. రెండోది కూడా పట్టుకెళ్తే 24–70 చాలు. తలకు కట్టుకునే టార్చి, రెండు పొడి గుడ్డలు, అదనపు బ్యాటరీ ఉండాలి. ఆ బ్యాటరీని లోపలి జేబులో ఒంటికి ఆనించి ఉంచండి, చలిలో బయట ఉంటే త్వరగా దిగిపోతుంది. డ్రోన్ ఇంట్లో వదిలేయండి. ఈ కొండ నేషనల్ ట్రస్ట్ అనే వారసత్వ పరిరక్షణ సంస్థ ఆధీనంలో ఉంది, అనుమతి లేకుండా ఎగరేయకూడదు.

ముందురోజు సాయంత్రం: వెళ్లాలా, పడుకోవాలా?

అందరూ తప్పేది ఇక్కడే. వాతావరణం యాప్‌లో సూర్యుడి బొమ్మ ఉంటే బయల్దేరతారు, మబ్బు బొమ్మ ఉంటే పడుకుంటారు. ఆ బొమ్మ పొగమంచు గురించి ఏమీ చెప్పదు. పొగమంచు ఎలా పుడుతుందో తెలిస్తే దేన్ని చూడాలో దానంతట అదే తెలుస్తుంది.

రాత్రి ఆకాశం తేటగా ఉంటే నేల తన వేడిని పైకి వదిలేసి చల్లబడుతుంది. నేలకు తగిలిన గాలి కూడా చల్లబడి, బరువెక్కి, కొండవాలు వెంట జారి లోయ అడుగున చేరుతుంది. ఎంత చలికి గాలిలోని తేమ నీటి తుంపరగా మారుతుందో ఆ ఉష్ణోగ్రతను డ్యూ పాయింట్ అంటారు. లోయలో గాలి అంతకంటే చల్లబడగానే పొగమంచు మొదలవుతుంది. పైన ఉన్న వెచ్చటి గాలి గిన్నె మీద మూతలా దాన్ని కిందే ఆపేస్తుంది. మనం ఆ మూతకు పైన నిలబడి ఫోటో తీస్తాం.

మొదట చూడాల్సింది ఆకాశం. పొద్దు గుంకినప్పటి నుంచి తెల్లవారేదాకా తేటగా ఉండాలి. రోజు మొత్తానికి ఇచ్చే బొమ్మను నమ్మకుండా గంటగంటకూ ఇచ్చే అంచనా తెరవండి. రాత్రి రెండింటికో మూడింటికో మబ్బు కమ్మేలా ఉంటే నేలకు దుప్పటి కప్పినట్టే. చల్లబడటం అక్కడితో ఆగిపోతుంది, ఏర్పడ్డ పొగమంచు కూడా పలచబడుతుంది.

తర్వాత గాలి. లోయలో గంటకు 5 మైళ్ల లోపు ఉండాలి. 8 దాటితే పైగాలి, కిందిగాలి కలిసిపోయి మూత ఊడిపోతుంది. ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది: గాలి పూర్తిగా ఆగిపోయినా మంచిది కాదు. అప్పుడు తేమంతా గడ్డి మీద బొట్లుగా దిగిపోతుంది, పైకి లేవదు. రెండు నుంచి నాలుగు మైళ్ల కదలిక ఉంటే నేల దగ్గరి చలి పైదాకా కలిసి, పొగమంచు మందంగా పేరుకుంటుంది. కాసిల్‌టన్ అంచనా ఒక్కటే చూసి ఊరుకోకండి. కొండల కోసం బ్రిటన్ వాతావరణ శాఖ మెట్ ఆఫీస్ విడిగా ఇచ్చే పీక్ డిస్ట్రిక్ట్ అంచనా కూడా చదవండి. ఊళ్లో గాలి లేకపోయినా శిఖరం మీద ట్రైపాడ్‌ను ఊపేంత గాలి ఉండొచ్చు.

ఇక తేమ, చలి. వీటిని విడివిడిగా కాకుండా జంటగా చూడాలి. సాయంత్రం ఆరింటికి డ్యూ పాయింట్ ఎంతో కాగితం మీద రాయండి. దాని పక్కన ఆ రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత రాయండి. కనిష్ఠం కనీసం రెండు డిగ్రీలు తక్కువ ఉండాలి. డ్యూ పాయింట్ 7, కనిష్ఠం 4 అయితే అలారం పెట్టుకోండి. డ్యూ పాయింట్ 3, కనిష్ఠం 4 అయితే ఆకాశం అద్దంలా ఉన్నా హాయిగా పడుకోండి. పగలు వాన పడి సాయంత్రానికి తెరిపిచ్చి, గాలి పడిపోయిన రాత్రిని మించినది లేదు. నేల తడిగా ఉంటుంది, ఆకాశం తేటగా ఉంటుంది. పొగమంచుకు ఇన్ని శాతం అవకాశం అని చెప్పే యాప్‌లు ఉన్నాయి. వాటి మీద ఆధారపడకండి. ఆ శాతం ఎక్కడి నుంచి వచ్చిందో అవి చెప్పవు, రేపు తప్పితే ఎందుకు తప్పిందో మీకు తెలియదు. ఈ అంకెలు మీరే చూసుకుంటే పది రాత్రుల్లో లోయ స్వభావం పట్టుబడుతుంది.

సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మధ్యదాకా అనువైన కాలం. రాత్రులు పొడుగు, నేల తడి, సూర్యోదయం కూడా మనిషి లేవగలిగే వేళకు ఉంటుంది. జూన్‌లో ఉదయం 4:40 ప్రాంతంలోనే తెల్లవారిపోతుంది. రాత్రి చిన్నది కాబట్టి లోయ చల్లబడటానికి సమయం చాలదు. ఆ వేళకు దగ్గరి స్టేషన్లయిన ఎడేల్‌కి గానీ హోప్‌కి గానీ రైలు అందదు.

లెక్క కుదిరినా రెండు రకాలుగా దెబ్బ తినొచ్చు. మొదటిది, పొగమంచు మరీ మందం కావడం. చలికాలంలో అధిక పీడనం రోజుల తరబడి కదలకుండా ఉంటే పొగమంచు పొర 300 మీటర్లు దాటి శిఖరాన్ని కూడా ముంచేస్తుంది. అలాంటప్పుడు దిగిపోకండి. తలపైన లేత నీలం కనిపిస్తోందంటే పొర అంచు దగ్గర్లోనే ఉందని అర్థం. ఎండ తగిలాక శిఖరం బయటపడే అవకాశం ఉంది. సూర్యోదయం తర్వాత గంటసేపు ఆగండి.

రెండోది, పొగమంచు అనుకున్నది మామూలు మబ్బు కావడం. దీన్ని కారులోనే కనిపెట్టొచ్చు. కాసిల్‌టన్‌లో ఆగి కారు డాష్‌బోర్డు మీద బయటి ఉష్ణోగ్రత చూడండి. 3 డిగ్రీలు ఉందనుకోండి. అక్కడి నుంచి విన్నాట్స్ పాస్ ఇరుకు కనుమ గుండా నిట్టనిలువు రోడ్డు ఎక్కుతుంటే అంకె 4, 5, 6 అని పెరగాలి. పైకి పోయేకొద్దీ వెచ్చబడుతోందంటే మూత బిగిసి ఉన్నట్టే. అంకె తగ్గుతూ పోతే పైన ఉన్నది మబ్బు, మీరు దాని లోపలికే వెళ్తున్నారు. మాంచెస్టర్ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎత్తు మీద నుంచే వస్తారు కాబట్టి ఈ పరీక్ష చేయకుండా నేరుగా కార్ పార్క్‌లోకి దూరిపోతారు. పది నిమిషాలు ఖర్చయినా ఒకసారి కిందికి దిగి చూసి రండి.

ఎక్కడం

సూర్యోదయానికి గంట ముందు మామ్ నిక్ కార్ పార్క్‌లో ఉండండి. అక్కడి నుంచి మెట్లు, రాతి బాట, పావుగంట నడక. పలకల మీద పేరిన మంచు టార్చి వెలుగులో కనిపించదు, కాలు జారుతుంది. అయినా బాట దిగి గడ్డి మీద నడవకండి. ఈ శిఖరం వేల ఏళ్ల నాటి కోట కట్ట. జనం తొక్కిడికి నేల కోసుకుపోతుంటేనే ఈ పలకలు పరిచారు. తూర్పు అంచుకు చీకట్లో అసలే వెళ్లొద్దు. ఈ కొండకు వణికే కొండ అని పేరు రావడానికి కారణం ఆ వైపు జారిపడుతున్న నేల. దాని కింద వేసిన రోడ్డు ఎన్నిసార్లు బాగుచేసినా నిలవక 1979లో పూర్తిగా మూసేశారు.

నిలబడే చోటు

శిఖరం మీద రాతి స్తంభం దగ్గర గుంపు ఉంటుంది. అక్కడ ఆగకుండా హాలిన్స్ క్రాస్ వైపు కొద్దిగా దిగండి. బాట వంపు తిరుగుతూ బ్యాక్ టోర్, లోజ్ హిల్ కొండల దాకా పాములా సాగడం అక్కడి నుంచే సరిగా కనిపిస్తుంది. ఆ వరుస ఈశాన్యానికి ఉంటుంది. అక్టోబర్ మూడో వారంలో సూర్యుడు కుడివైపున, హోప్ సిమెంటు ఫ్యాక్టరీ దిక్కున లేస్తాడు. అందుకే అప్పుడు కొండ వీపు మీద ఎండ పక్కనుంచి పడి మడతలన్నీ తేలతాయి. ఫ్యాక్టరీ గొట్టం మంచులోంచి పైకి వస్తే చెరిపేయాలని చూడకండి. లోయ ఎంత లోతుగా నిండిందో చెప్పే కొలత అదొక్కటే.

ఎక్స్‌పోజర్

మాన్యువల్ మోడ్, ఐఎస్ఓ 100, ఎఫ్/8. షట్టర్ స్పీడును హిస్టోగ్రామ్ (ఫోటోలో చీకటి ఎడమన, వెలుగు కుడిన చూపే గ్రాఫ్) చూసి మార్చండి. పొగమంచును ఆటో మోడ్‌కి వదిలేస్తే కెమెరా తెలుపును బూడిదగా మార్చేస్తుంది. అలాగని చేత్తో మరీ పెంచితే ఎండ తగిలిన అంచులు తెల్లగా కాలిపోయి తిరిగి రావు. హిస్టోగ్రామ్ కుడి అంచుకు దగ్గరగా వచ్చి తాకకుండా ఆగాలి. సూర్యుడు ఫ్రేములో ఉంటే రెండు స్టాపుల తేడాతో (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపు లేదా సగం) మూడు ఫోటోలు తీయండి. ఫోన్‌లో అయితే వెలుగు ఎక్కువున్న చోట వేలు నొక్కిపట్టి లాక్ చేసి, వెలుగు కొంచెం కిందికి లాగండి. ప్రతి పది నిమిషాలకూ లెన్సు మీద టార్చి వేసి చూడండి. తేమ పట్టి మసకబారిన అద్దంతో గంటసేపు తీసి, ఇంటికొచ్చాక తెలుసుకునేవాళ్లు చాలామంది.

ఎండ వచ్చాక

సూర్యుడు కనపడగానే సగం మంది ట్రైపాడ్లు మడిచేస్తారు. అసలు ఫోటో ఆ తర్వాతే ఉంది. అప్పటిదాకా పొగమంచు బల్లపరుపుగా పడుకుని ఉంటుంది. ఎండ తగిలిన అరగంట నుంచి గంట లోపు అది కదులుతుంది. అంచులు చిరిగి, ముక్కలు కొండవాలు ఎక్కి, చెట్ల మధ్య నుంచి కారుతూ కిందికి దిగుతాయి. 200 మిల్లీమీటర్ల దగ్గర ఉంచి కాసిల్‌టన్ వైపు చూస్తూ ఉండండి. ముందు పొలాల మధ్య రాతి గోడలు గీతల్లా బయటపడతాయి, తర్వాత ఇళ్ల పైకప్పులు, సెయింట్ ఎడ్మండ్ చర్చి గోపురం. నిమిషానికో రకంగా మారుతుంది.

మే 29న అదే ఊళ్లో

పొగమంచు కింద చూసిన ఆ చర్చి దగ్గరికి మే 29 సాయంత్రం వెళ్లండి. కాసిల్‌టన్ గార్లండ్ డే అనే పూల పండుగ జరుగుతుంది (ఆ తేదీ ఆదివారమైతే శనివారం చేస్తారు). 1660లో రెండో చార్లెస్ లండన్‌కు తిరిగొచ్చిన రోజుగా ఇంగ్లండ్‌లో ఈ తేదీని పాటించేవారు. గుర్రం మీద గార్లండ్ రాజు, పక్కనే మరో గుర్రం మీద రాణి, వెనక బ్యాండు, తెల్ల బట్టల్లో నాట్యం చేసే ఆడపిల్లలు. రాజు తల నుంచి నడుము దాకా తేనెపట్టు గంపలాంటి పూల గోపురం కప్పేస్తుంది.

ఇరుకు వీధులు, నీడ ఎక్కువ. 35 మిల్లీమీటర్లు, ఐఎస్ఓ 1600, షట్టర్ 1/250 పెట్టుకోండి. ఫ్లాష్ వాడొద్దు, గుర్రాలు బెదురుతాయి. ఊరేగింపు వెంట పరుగెత్తితే వీపులే దొరుకుతాయి. సందు దాటి ముందుకెళ్లి వచ్చే మలుపు దగ్గర ఆగండి. పిల్లల ముఖాలు దగ్గరగా తీస్తే ఆన్‌లైన్‌లో పెట్టే ముందు అమ్మానాన్నలను అడగండి. పూల గోపురం కొసన ఉండే చిన్న గుత్తిని తీసి యుద్ధ స్మారకం దగ్గర ఉంచుతారు. అప్పుడు కెమెరా సైలెంట్ మోడ్‌లో ఉండాలి. ఆ పూల గోపురాన్ని తాడుతో చర్చి గోపురం మీదికి లాగేది ఒక్కసారే. జనం గుమిగూడకముందే చర్చి ఆవరణలో చోటు చూసుకుని, 70 దగ్గర ఉంచి, కెమెరాను నిలువుగా తిప్పి, పూలు నేల వదిలినప్పటి నుంచి వరసగా తీయండి.